బడి విడిచి, మరల బడికి వచ్చిన బాలిక
శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవిత రేఖలు

విద్యార్థులు రాజకీయాలలో పాల్గొనవచ్చునా, కూడదా అన్న ప్రశ్న ఈనాటిది కాదు. ఆంధ్రదేశంలో ఈ ప్రశ్న మొట్టమొదట తీవ్రంగా తలెత్తినది 1907వ సంవత్సరంలో. ఆ సంవత్సరం ఏప్రిల్ నెలలో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరంలో ఉపన్యసించి వెళ్ళిన తరువాత, అక్కడి ఉపాధ్యాయ శిక్షణ కళాశాల విద్యార్థులు వందేమాతరం బిళ్ళలు ధరించి తరగతులకు వచ్చారు. ఆ కారణంగా గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కళాశాల నుండి బహిష్కృతులై, ప్రభుత్వోద్యోగానికి శాశ్వతంగా దూరమయ్యారు. మరుసటి నెలలోనే కాకినాడలో, వందేమాతరమని పలికినందుకు ఒక బాలుని కెంప్ అనే ఆంగ్ల వైద్యాధికారి కొట్టగా, పట్టణమంతా అట్టుడికినట్లు ఉడికిపోయినది.

ఆ సంఘటనలు జరిగిన రెండేళ్ళకు, ఆ గోదావరి తీరానే ఒక బాలిక జన్మించినది. పన్నెండేళ్ళు నిండీ నిండకముందే ఆమె ప్రజాజీవితంలో అడుగుపెట్టినది. ఒక సిద్ధాంతం కోసం బడి విడిచిపెట్టినది. ఇరవై నాలుగేళ్ళ వయస్సులో, ఆ సిద్ధాంతం కోసమే మరల పుస్తకం చేత పట్టినది. ఆ బాలికయే తరువాతి కాలంలో భారత రాజ్యాంగ పరిషత్తు సభ్యురాలుగా, ఆంధ్ర మహిళా సభ సంస్థాపకురాలుగా, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ప్రథమాధ్యక్షురాలుగా దేశ ప్రజల మన్ననలందుకొన్న శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్.

బాల్యము - కుటుంబము

దుర్గాబాయి 1909వ సంవత్సరం జూలై 15వ తేదీన రాజమహేంద్రవరంలో జన్మించారు. తండ్రి బెన్నూరి రామారావుగారు, తల్లి కృష్ణవేణమ్మగారు. మధ్యతరగతి కుటుంబం. రామారావుగారు సంపన్నులు కారు గాని, ఆపదలో ఉన్న పొరుగువారికి అక్కరకు వచ్చే మనిషి. అంటువ్యాధులు వ్యాపించి, అయినవారే దగ్గరకు రావడానికి జంకిన దినాలలో కూడ ఆయన రోగులకు పరిచర్య చేసేవారు. ఆ ఇంట పెరిగిన బిడ్డకు పరోపకారమన్నది ఎవరూ ప్రత్యేకంగా బోధించవలసిన పాఠం కాలేదు. అది నిత్యమూ కంటి ఎదుట జరిగే పని. కృష్ణవేణమ్మగారు కూడ అనంతర కాలంలో కాంగ్రెసు కార్యక్రమాలలో పాల్గొన్నారు.

అయితే ఆ కుటుంబం కూడ ఆనాటి ఆచారాలకు అతీతమైనది కాదు. దుర్గాబాయికి ఎనిమిదవ ఏటనే వివాహం జరిగినది. వివాహమంటే ఏమో తెలియని వయస్సు అది. యుక్తవయస్సు వచ్చి, తన జీవితం ఏ దారిన సాగవలెనో తెలిసిన తరువాత, ఆమె ఆ బంధాన్ని స్వీకరించలేనని నిర్ణయించుకొన్నారు. భర్త సుబ్బారావుగారిని వేరొక వివాహం చేసుకొనవలసినదిగా ఆమెయే కోరారు. తండ్రి, సోదరుడు ఆమె నిర్ణయానికి అండగా నిలిచారు. నలుగురి నోళ్ళలో పడవలసి వచ్చిన కాలంలో ఒక తండ్రి తన కుమార్తె మాటను మన్నించి ఊరుకోవడం సామాన్యమైన విషయం కాదు. చాలాకాలం తరువాత సుబ్బారావుగారు మరణించినప్పుడు, ఆయన ద్వితీయ పత్నికి ఆశ్రయం కల్పించి, జీవనోపాధికి దారి చూపినవారు దుర్గాబాయియే. ఆమె హృదయ సంస్కారానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

బడి విడిచిన బాలిక

1920వ సంవత్సరంలో గాంధీజీ సహాయ నిరాకరణోద్యమానికి పిలుపునిచ్చారు. న్యాయస్థానాలను, శాసనసభలను, ప్రభుత్వ విద్యాలయాలను బహిష్కరించడం ఆ కార్యక్రమంలో భాగం. దేశం నలుమూలలా వేలాది విద్యార్థులు తరగతులు విడిచి వచ్చారు. దుర్గాబాయి కూడ వారిలో ఒకరు. మాతృభాషను వెనుకకు నెట్టి ఇంగ్లీషు మాధ్యమంలో చదువు చెప్పడాన్ని ఆమె నిరసించారు. తనకు రాని భాషలో తనకు కావలసిన జ్ఞానాన్ని దాచిపెట్టడం అన్యాయమని ఆ పసి మనస్సుకు తోచినది.

ఇక్కడ గమనించవలసిన విశేషమొకటి ఉన్నది. ఆమె బడి మానినది గాని, చదువు మానలేదు. హిందీ భాషను శ్రద్ధగా అభ్యసించారు. తాను నేర్చుకొన్నది పదిమందికి నేర్పవలెనని బాలికా హిందీ పాఠశాలను నెలకొల్పారు. తాము చదువుకోవలసిన వయస్సులో ఇతరులకు చదువు చెప్పిన ఆ బాలిక వద్దకు, వయస్సులో ఆమెకంటె పెద్దవారైన స్త్రీలు కూడ వచ్చి అక్షరాలు దిద్దుకొన్నారు. ఒక బడిని కాదన్న చేతులే మరొక బడిని కట్టడానికి పూనుకొన్నాయి. ఆమె జీవితమంతా ఈ స్వభావం మారలేదు. దేనినైనా కాదన్న మరుక్షణంలో, దాని స్థానంలో నిలువదగినది మరొకటి ఉన్నదా అని ఆమె వెదకేవారు.

గాంధీజీ సన్నిధిలో

1921వ సంవత్సరం ఏప్రిల్ నెలలో గాంధీజీ కాకినాడకు విచ్చేశారు. పట్టణంలోని పెద్దలందరూ స్వాగత సన్నాహాలలో ఉండగా, దుర్గాబాయి మనస్సులో వేరొక ఆలోచన మెదలినది. ఆ ప్రాంతంలో దేవదాసీ ఆచారానికి బలి అయి సంఘం చిన్నచూపుకు గురి అవుతున్న స్త్రీలున్నారు. ఘోషా చాటున జీవించే ముస్లిం మహిళలున్నారు. బహిరంగ సభలకు రాగల అవకాశం వీరిలో ఎవరికీ లేదు. గాంధీజీ మాట విని మారవలసిన అవసరం ఎవరికి ఎక్కువగా ఉన్నదో, వారికే ఆ మాట వినే భాగ్యం లేకపోవడం ఆమెకు బాధ కలిగించినది.

స్థానిక నాయకులను ఆమె ఆశ్రయించారు. చిన్నపిల్ల మాటను తేలికగా త్రోసివేయలేక, అయిదు వేల రూపాయల నిధి సమర్పించగలిగితే గాంధీజీ కాలాన్ని కొన్ని నిమిషాలు ఇప్పించగలమని వారు షరతు పెట్టారు. ఆ రోజులలో అయిదు వేలు చిన్న మొత్తం కాదు. ఆ షరతుతో ఆమె వెనుదిరిగి పోతుందని వారు తలచి ఉండవచ్చును. దుర్గాబాయి వెనుదిరగలేదు. ఆ స్త్రీల ఇండ్లకు తానే వెళ్ళి, వారితో కలిసి కొద్ది దినాలలోనే ఆ మొత్తాన్ని కూడబెట్టారు. సభకు ఒక ఉన్నత పాఠశాల ఆవరణ లభించినది.

కొద్ది నిమిషాల కొరకు వచ్చిన గాంధీజీ అనుకొన్నదానికంటె ఎంతోసేపు అక్కడ ఉండిపోయారు. వారి హిందీ ఉపన్యాసాన్ని దుర్గాబాయి తెలుగులోకి అనువదించారు. సభికులైన స్త్రీలు తమ ఒంటిమీది నగలు తీసి ఆయన ముందుంచారు. ఆ రోజు పట్టణంలో జరిగిన పెద్ద సభలో కూడ ఆమె చేతనే అనువాదం చేయించవలసినదిగా గాంధీజీ కోరారు. దుర్గాబాయి తన చేతి గాజులు నిధికి సమర్పించారు. ఆమె కుటుంబమంతా విదేశీ వస్త్రాలను అగ్నికి ఆహుతి చేసి ఖద్దరు ధరించినది.

ఆ ఒక్క సభతో దేవదాసీ వ్యవస్థ అంతరించిపోలేదు. మద్రాసు రాష్ట్రంలో దానిని నిషేధించే చట్టం 1947లో గాని రాలేదు. ఆ చట్టం వెనుక డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి వంటివారి దీర్ఘకాల కృషి ఉన్నది. అయినప్పటికిని, ఊరివారంతా ముఖం చాటువేసిన స్త్రీలను పన్నెండేళ్ళయినా నిండని ఒక బాలిక నాయకుని ఎదుటకు తీసుకొనిపోయి నిలిపినది. అంతవరకు వారిని చూడక తప్పించుకొన్న పెద్దలు ఆనాడు చూడక తప్పలేదు. పిల్లల ప్రవేశం వలన ప్రజాజీవితానికి కలిగే ప్రయోజనం ఇదే కావచ్చును. పెద్దలు అలవాటు పడిపోయిన అన్యాయం పిల్లల కంటికి ఇంకా అన్యాయంగానే కనిపిస్తుంది.

నియమమునకు మినహాయింపు లేదు

1923వ సంవత్సరం డిసెంబరులో మౌలానా మహమ్మదలీ అధ్యక్షతన అఖిల భారత కాంగ్రెసు మహాసభలు కాకినాడలో జరిగాయి. పద్నాలుగేళ్ళ దుర్గాబాయి ఆ సందర్భంగా ఏర్పాటైన ఖాదీ ప్రదర్శన ద్వారం వద్ద స్వచ్ఛంద సేవికగా నిలిచారు. టిక్కెట్టు లేనివారిని లోనికి పంపరాదన్నది ఆమెకు అప్పగించిన పని. ఆ సమయంలో వచ్చినవారు జవహర్‌లాల్ నెహ్రూ. ఆయన వద్ద టిక్కెట్టు లేదు. దుర్గాబాయి ఆయనను లోనికి పోనివ్వలేదు. నిర్వాహకులు హడావిడి పడి, రెండణాల టిక్కెట్టు కొని ఇచ్చిన తరువాతనే ఆమె దారి విడిచారు. నెహ్రూ నొచ్చుకొనక, ఆ బాలిక కర్తవ్య నిష్ఠను మెచ్చుకొన్నారు.

ఈ సంఘటనను ముచ్చటగా చెప్పుకోవడం పరిపాటి. కాని ఇందులోని సారం గ్రహించదగినది. ఉత్సాహం యౌవన సహజం. ఉత్సాహానికి క్రమశిక్షణ తోడైనప్పుడే అది సేవ అవుతుంది. నినాదమిచ్చే గొంతుకకు, నియమం పాటించే నిగ్రహం కూడ ఉండవలెనని ఆమె ఆ వయస్సుననే నిరూపించారు. ముప్పై ఏళ్ళ తరువాత అదే నెహ్రూ ప్రధానమంత్రిగా ఆమెకు జాతీయ స్థాయి బాధ్యతలు అప్పగించారు.

ఉప్పు సత్యాగ్రహము - కారాగార వాసము

1930వ సంవత్సరంలో గాంధీజీ దండి యాత్రతో ఉప్పు సత్యాగ్రహం దేశమంతటా వ్యాపించినది. మద్రాసులో ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారు, దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు వంటి ప్రముఖులు సత్యాగ్రహానికి నాయకత్వం వహించారు. దుర్గాబాయి మద్రాసు చేరి సత్యాగ్రహులలో కలిశారు. నాయకులు నిర్బంధితులు కాగా ఉద్యమభారం ఇరవై ఒక్కేళ్ళయినా నిండని ఆమె భుజస్కంధాలపై పడినది. ఆమెను కూడ నిర్బంధించారు. 1930 - 1933 సంవత్సరాల మధ్య ఆమె మూడు పర్యాయాలు కారాగార శిక్ష అనుభవించారు.

వెల్లూరు కారాగారంలో ఆమెకు కొంత మెరుగైన తరగతి లభించినది. దానిని వదులుకొని సామాన్య ఖైదీల నడుమ ఉండడానికే ఆమె ఇష్టపడ్డారు. అక్కడ ఆమెకు పరిచయమైనవారు సత్యాగ్రహులు మాత్రమే కాదు. నేరం మోపబడి శిక్షలు అనుభవిస్తున్న నిరక్షరాస్యలైన స్త్రీలు ఎందరో ఉన్నారు. తమపై మోపిన నేరమేమో, న్యాయస్థానంలో తాము ఏమి చెప్పినారో, దేనిమీద వేలిముద్ర వేసినారో కూడ వారిలో అనేకులకు తెలియదు. వారి కథలు విన్న దుర్గాబాయికి ఒక సత్యం బోధపడినది. తనకు జాలి ఉన్నది, ధైర్యం ఉన్నది, త్యాగబుద్ధి ఉన్నది. కాని ఆ స్త్రీల పక్షాన న్యాయస్థానంలో నిలిచి మాటాడడానికి కావలసిన చదువు మాత్రం తనకు లేదు.

తరువాత మధుర కారాగారంలో ఆమె ఏకాంత నిర్బంధాన్ని అనుభవించవలసి వచ్చినది. మరణశిక్ష పడిన ఖైదీల గదులకు సమీపంలో గడిపిన ఆ రాత్రులు ఆమె ఆరోగ్యాన్ని క్రుంగదీశాయి. విడుదలై బయటకు వచ్చేనాటికి ఆమె శరీరం డస్సిపోయి ఉన్నది. చిన్ననాటినుండి ప్రజాజీవితంలో ఉన్నవారు చెల్లించిన మూల్యాన్ని మరచిపోయి వారిని కీర్తించడం న్యాయం కాదు. దుర్గాబాయి తన కౌమారాన్ని, తన చదువును, తన ఆరోగ్యాన్ని ఉద్యమానికి సమర్పించారు. ఆ లోటును పూరించుకొనడానికి ఆమెకు అనంతరం అనేక సంవత్సరాలు పట్టినది.

మరల పాఠశాలకు

ఆ సమయంలో ఆమె ముందు సులభమైన దారి ఒకటి ఉన్నది. మూడుమార్లు కారాగారానికి పోయివచ్చిన కీర్తి ఉన్నది. పెద్ద నాయకుల ఆదరణ ఉన్నది. రాజకీయాలలో కొనసాగి పదవులు అందుకొనవచ్చును. ఆమె ఆ దారి పట్టలేదు. క్రియాశీల రాజకీయాలనుండి తప్పుకొని, చదువుకోవడానికి నిశ్చయించుకొన్నారు. ఇరవై నాలుగేళ్ళ వయస్సులో, ఉపన్యాస వేదికలెక్కిన మనిషి, పదిహేనేళ్ళ పిల్లలు వ్రాసే పరీక్షకు కూర్చొనడానికి సిద్ధపడ్డారు. కారాగారానికి పోవడానికి కావలసిన ధైర్యం కంటె ఇందుకు కావలసిన ధైర్యం తక్కువైనది కాదు.

పండిత మదన మోహన మాలవీయగారు స్థాపించిన కాశీ హిందూ విశ్వవిద్యాలయం నుండి ఆమె మెట్రిక్యులేషన్, ఇంటర్మీడియట్ పరీక్షలలో ఉత్తీర్ణులయ్యారు. ఒకనాడు ఇంగ్లీషు మాధ్యమాన్ని నిరసించి బడి మానిన దుర్గాబాయి, ఇప్పుడు ఆ భాషను కూడ పట్టుదలతో నేర్చుకొన్నారు. ఇందులో వైరుధ్యం లేదు. ఆమె వ్యతిరేకించినది మాతృభాషను త్రోసివేసి ఆ భాష కూర్చున్న పీఠాన్ని మాత్రమే. ఆ భాషలోని విజ్ఞానాన్ని కాదు.

అటుపిమ్మట ఆమె వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో బి.ఏ. ఆనర్సు చదువగోరారు. ఆనాడు ఉపాధ్యక్షులు డాక్టర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు. స్త్రీలకు వసతిగృహం లేనందున ఆమెను చేర్చుకోవడం కష్టమన్న సమాధానం వచ్చినది. దుర్గాబాయి నిరాశపడక, వాల్తేరులో చదువుకోదలచిన యువతులు తనకు తెలియజేయవలసినదిగా పత్రికలలో ప్రకటన ఇచ్చారు. వసతి లేని కారణంగానే ఇండ్లలో ఉండిపోయిన మరి కొందరు యువతులు ముందుకు వచ్చారు. అందరూ కలిసి వసతిగృహాన్ని తామే ఏర్పరచుకొన్నారు. ఒక్కరి కోసం తలుపు తెరువని వారు పలువురి కోసం తెరువక తప్పలేదు. రాజనీతి శాస్త్రంలో ఆమె ఆనర్సు పట్టం పుచ్చుకొన్నారు. వెల్లూరు కారాగారంలో చేసుకొన్న సంకల్పం మద్రాసు న్యాయ కళాశాలలో నెరవేరినది. 1942లో ఆమె న్యాయశాస్త్ర పట్టభద్రురాలై మద్రాసులో న్యాయవాద వృత్తి చేపట్టారు.

ఆంధ్ర మహిళా సభ

తన చదువు సాగుతూ ఉండగానే ఆమె ఇతరుల చదువును గురించి ఆలోచించారు. 1937వ సంవత్సరంలో మద్రాసు మైలాపూరులో కొందరు బాలికలను చేరదీసి ఆటపాటలతో మొదలుపెట్టిన చిన్న సంఘమే ఆంధ్ర మహిళా సభగా రూపొందినది. పిల్లలను తీసుకొనివచ్చిన తల్లులు కూడ అక్కడ కూర్చొని చదువుకోసాగారు. బాల్య వివాహం వలననో, వైధవ్యం వలననో, పేదరికం వలననో చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలకు శిక్షణ ఇచ్చి, కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్షకు పంపడం సభ ప్రధాన కార్యక్రమమైనది. తాను నడచి వచ్చిన దారినే ఆమె ఇతరులకు బాటగా వేశారు. క్రమంగా వసతిగృహాలు, పాఠశాలలు, వైద్యాలయం, వృత్తి విద్యా శిక్షణాలయాలు వెలిశాయి. ఆంధ్ర మహిళ అనే పత్రికకు ఆమె సంపాదకత్వం వహించారు. అనంతరం సభ కార్యకలాపాలు హైదరాబాదుకు కూడ విస్తరించాయి.

రాజ్యాంగ పరిషత్తులో

1946వ సంవత్సరంలో దుర్గాబాయి మద్రాసు రాష్ట్రం నుండి రాజ్యాంగ పరిషత్తుకు ఎన్నికయ్యారు. ఆ మహాసభలోని పదిహేనుమంది మహిళలలో ఆమె ఒకరు. అధ్యక్షుడు లేని సమయంలో సభను నిర్వహించే అధ్యక్ష వర్గంలో స్థానం లభించిన మహిళ ఆమె ఒక్కరే. చర్చలలో తరచుగా పాల్గొని, న్యాయవ్యవస్థను గురించి, స్త్రీల హక్కులను గురించి, జాతీయ భాషను గురించి ఆమె తన అభిప్రాయాలను నిర్భయంగా వెల్లడించారు. బాల్యం నుండి హిందీ ప్రచారం చేసిన వ్యక్తి అయినప్పటికిని, దక్షిణాది ప్రజలపై ఆ భాషను తొందరపాటుతో రుద్దే ధోరణి మంచిది కాదని హెచ్చరించడానికి ఆమె వెనుదీయలేదు. భాషను ప్రేమతో నేర్పవచ్చును గాని బలవంతాన నేర్పరాదని, ఇంటిలోనే హిందీ బడి నడిపిన అనుభవం ఆమెకు చెప్పి ఉంటుంది.

యువజనులకు సంబంధించి ఆమె చేసిన ఒక ప్రతిపాదన ప్రత్యేకంగా పేర్కొనదగినది. ఎగువ సభకు సభ్యులుగా ఎన్నిక కావడానికి ముప్పై అయిదేళ్ళ వయస్సు ఉండవలెనన్న నిబంధనను ముప్పై ఏళ్ళకు తగ్గించవలెనని ఆమె కోరారు. ఆ మార్పు రాజ్యాంగంలో చోటు చేసుకొన్నది. ఈనాటికీ రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయస్సు ముప్పై ఏళ్ళే. పిన్నవయస్సులో బాధ్యతలు మోసిన ఆమెకు, వయస్సు ఒక్కటే అర్హతకు కొలబద్ద కాదని తెలియనిది కాదు. ఆ తరువాత చాలాకాలానికి, 1988లో చేసిన అరవై ఒకటవ సవరణ ద్వారా వోటు హక్కు వయస్సు ఇరవై ఒకటి నుండి పద్దెనిమిదికి తగ్గినది.

ఓటమి - నూతన అధ్యాయము

1952 సార్వత్రిక ఎన్నికలలో రాజమహేంద్రవరం నుండి లోక్‌సభకు పోటీ చేసి ఆమె ఓడిపోయారు. పుట్టిన గడ్డపైననే ఎదురైన ఈ పరాజయం బాధాకరమే. కాని ఆమె ప్రజాసేవ శాసనసభా స్థానంపై ఆధారపడినది కాదు. ఆమె ప్రణాళికా సంఘ సభ్యురాలుగా నియుక్తులై, సాంఘిక సంక్షేమ శాఖా విషయాలను చేపట్టారు. 1953వ సంవత్సరం జనవరిలో, నాటి కేంద్ర ఆర్థిక మంత్రి, రిజర్వు బ్యాంకు ప్రథమ భారతీయ గవర్నరు అయిన శ్రీ చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌తో ఆమె వివాహం జరిగినది.

ఆ సంవత్సరం ఆగస్టులోనే కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినది. దుర్గాబాయి దానికి ప్రథమాధ్యక్షురాలు. సేవాతత్పరులైన స్వచ్ఛంద సంస్థలు దేశంలో ఎన్నో ఉన్నవి. వాటికి లేనిది ధనం. ప్రభుత్వం వద్ద ధనమున్నది గాని, ఇంటింటికి పోయి పలుకరించగల మనుషులు లేరు. ఈ రెండింటిని కలపడమే మండలి ఉద్దేశం. స్త్రీ శిశు సంక్షేమం, వికలాంగుల పునరావాసం వంటి రంగాలలో పనిచేసే సంస్థలకు మండలి ద్వారా ఆర్థిక సహాయం అందినది.

1958లో ప్రభుత్వం స్త్రీవిద్యపై జాతీయ సంఘాన్ని నియమించి ఆమెను అధ్యక్షురాలుగా చేసినది. మరుసటి సంవత్సరం సమర్పించిన ఆ నివేదిక బాలికల విద్యకు ప్రత్యేక ప్రాధాన్యమివ్వవలసిన అవసరాన్ని నొక్కి చెప్పినది. ఆ కాలంలోనే సంక్షేమ మండలి వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులను ప్రవేశపెట్టినది. పలు సంవత్సరాల పాఠ్యాంశాలను తక్కువ కాలంలో బోధించి, చదువు ఆగిపోయిన స్త్రీలను పరీక్షలకు సిద్ధం చేయడం వీటి పద్ధతి. మైలాపూరులో కొందరితో ఆరంభమైన ప్రయత్నం ఈ విధంగా జాతీయ కార్యక్రమమైనది. ఇరవై నాలుగేళ్ళ వయస్సులో మెట్రిక్యులేషన్‌కు కూర్చొన్న ఒక స్త్రీ స్వానుభవం, ముఖపరిచయమైనా లేని వేలాది స్త్రీలకు విద్యాద్వారమైనది.

పరరాష్ట్రంలో తెలుగు బడి

ప్రవాసాంధ్రులు విస్మరించరానిది మరొకటి ఉన్నది. రాజ్యాంగ పరిషత్తు సభ్యురాలుగా ఢిల్లీలో ఉన్న కాలంలో, ఉద్యోగరీత్యా అక్కడకు తరలివచ్చిన తెలుగు కుటుంబాల పిల్లలు తమ భాషకు దూరమవుతున్న సంగతిని ఆమె గమనించారు. 1948వ సంవత్సరంలో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపనకు ఆమె పూనుకొన్నారు. ఆ సంస్థ నడిపే పాఠశాలలలో ఒకటి నేడు ఆమె పేరనే ఉన్నది. రాజ్యాంగ రచన వంటి మహాకార్యంలో నిమగ్నమై ఉండి కూడ, పరభాషా ప్రాంతంలోని తెలుగు పిల్లలకు అక్షరాలు అందవలెనని ఆమె తాపత్రయపడ్డారు. మాతృభాషలో చదువు కావలెనని బడి విడిచిన బాలిక, మాతృభాష కోసం బడి కట్టించడంతో ఆ వృత్తం పూర్తి అయినది.

చివరి దినములు

దేశ్‌ముఖ్ దంపతులు జీవితపు చివరి సంవత్సరాలను హైదరాబాదులో గడిపారు. వయోజన విద్య, అక్షరాస్యత దుర్గాబాయి దృష్టిని చివరివరకు ఆకర్షించాయి. 1975లో ప్రభుత్వం ఆమెను పద్మవిభూషణ్ బిరుదంతో సత్కరించినది. అదే సంవత్సరం ఆమె భర్తకు కూడ ఆ గౌరవం లభించడం విశేషం. తమ సహజీవనాన్ని, తన ప్రజాజీవితాన్ని గురించి ఆమె ఇంగ్లీషులో వ్రాసిన చింతామణ్ అండ్ ఐ అనే ఆత్మకథ 1980లో వెలువడినది. 1981వ సంవత్సరం మే 9వ తేదీన ఆమె పరమపదించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని మహిళా అధ్యయన కేంద్రం, ఢిల్లీ మెట్రోలోని ఒక స్టేషను ఆమె పేరును ధరించి ఉన్నవి.

ఈ జీవితం ఇచ్చే సందేశము

ఇటువంటి ఉదాహరణలు కన్నడ దేశంలో కూడ లేకపోలేదు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలోను, 1947 మైసూరు చలో ఉద్యమంలోను బెంగళూరు విద్యార్థులు ఉత్సాహంతో పాల్గొన్నారు. గౌరీబిదనూరు తాలూకాలోని ఒక పల్లెటూరి పేద ఇంట పుట్టిన హెచ్. నరసింహయ్యగారు 1942లో సెంట్రల్ కళాశాల విద్యార్థిగా చదువు ఆపి కారాగారానికి వెళ్ళారు. విడుదలైన తరువాత మరల చదువు కొనసాగించి, భౌతికశాస్త్రం బోధించి, నేషనల్ కళాశాల ప్రిన్సిపాలుగా, బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా వేలాది విద్యార్థులకు మార్గదర్శకులైనారు. బడి విడిచి వెళ్ళి, బడికే తిరిగి వచ్చినవారిలో ఆయన కూడ ఒకరు.

ఒకనాడు పొలాల నడుమ పల్లెగా ఉన్న మారతహళ్ళి, నేడు ఎడతెగని వాహనాల రద్దీతో, ఉద్యోగార్థమై వచ్చిన కుటుంబాలతో నిండిన నగరభాగం. ఇక్కడి తెలుగు పిల్లలు ఇంట తెలుగు, వీధిలో కన్నడం, లోకవ్యవహారానికి ఇంగ్లీషు నేర్చుకొంటూ పెరుగుతున్నారు. చెరువుల సంరక్షణ గురించి, చెత్త సమస్య గురించి, ఇండ్లలో పనిచేసేవారి పిల్లల చదువు గురించి వారు ప్రశ్నలు వేసినప్పుడు, ముందు నీ పరీక్షల సంగతి చూసుకొమ్మని తల్లిదండ్రులు మందలించడం సహజం. ఆ భయం నిరాధారమైనది కాదు. ఉద్యమాల ఉప్పెనలో చదువు పోగొట్టుకొని, మరల తరగతి గదిని చూడని యువకులు ప్రతి తరంలోను ఉన్నారు.

అయితే రామారావుగారు తన కుమార్తెను ఆనాడు ఇంట కూర్చోబెట్టి ఉంటే, కాకినాడలోని ఆ అభాగ్య స్త్రీలు గాంధీజీని చూచి ఉండేవారు కారు. దుర్గాబాయి 1933లో కీర్తితో తృప్తి చెంది, మరల పుస్తకం పట్టకుండ ఉంటే, ఆంధ్ర మహిళా సభ లేదు, వాల్తేరు యువతుల వసతిగృహం లేదు, రాజ్యాంగ పరిషత్తులో ఆమె గళం వినిపించి ఉండేది కాదు. ఈ రెండవ మాటను పిల్లలు, మొదటి మాటను పెద్దలు గుర్తుంచుకోవలసి ఉన్నది. హృదయం అన్యాయాన్ని గుర్తిస్తుంది. దానిని తొలగించే ఉపాయం చదువు నేర్పుతుంది. ఒకటి లేనిదే రెండవది నిష్ఫలం.

ఏడున్నర దశాబ్దాలుగా అక్షరజ్యోతిని ఆరిపోకుండ కాపాడుకొంటూ వచ్చిన తెలుగు పాఠశాలకు, ఈ ప్లాటినం జూబిలీ శుభసమయంలో, దుర్గాబాయి జీవితం కంటె ఉత్తమమైన పాఠ్యగ్రంథం మరొకటి ఉండబోదు. అవసరమైనప్పుడు సమాజం కోసం గడప దాటగల ధైర్యాన్ని, దాటిన తరువాత తిరిగి వచ్చి నేర్చుకోగల వినయాన్ని ఇక్కడ చదువుకొన్న, చదువుకొంటున్న బాలబాలికలు అలవరచుకొన్ననాడు, ఆ మహనీయురాలి ఋణం కొంతయినా తీరగలదు.